గృహవిద్య: పలువాద్యముల ఇంటిపాటను కూర్చుట



గడచిన మాసమున ఈ శీర్షికయందు ఇంటిలో పాటను పట్టియుంచుటకు తగిన గదిని గూర్చియు, మైకును గూర్చియు, వేళను గూర్చియు వ్రాసితిని. దానిని చదివిన యొక సోదరి యిట్లు వ్రాసినారు: “మా యింట నలుగురము నాలుగు భాగములను విడివిడిగా పట్టితిమి. ఒక్కొక్కదానిని వేరుగా వినినచో ఇంపుగనే యున్నది. నాలుగింటిని ఒక్కమారు వినినచో సంతలో నిలుచున్నట్లున్నది. దోషము పాడినవారిదా, వాయించినవారిదా, యంత్రముదా?”

ఎవ్వరిదియు గాదని నా యభిప్రాయము. దోషము వడ్డనయందున్నది. పప్పు, కూర, పులుసు, పచ్చడి వేర్వేరుగా ఎంత రుచిగా నున్నను, అన్నింటిని ఒక్క గిన్నెలో పోసి గరిటెతో త్రిప్పినచో భోజనము కానేరదు. విస్తరిలో ఉప్పునకొక మూల, పచ్చడికొక మూల, అన్నమునకు నడుమ చోటు కలదు. వాద్యములకును అట్టి చోటులే కలవు. ఆ చోటులను ఏర్పరచుటనే శబ్దశాస్త్రజ్ఞులు మిక్సింగు అందురు. మన మిచ్చట ‘కూర్పు’ అని చెప్పుకొందము.

నే నీ విద్యయందు పండితురాలను గాను. బాల్యమున మా తండ్రిగారి యొద్ద అమరమును, కొన్ని కావ్యములను చదువుకొంటిని. మా మేనత్తగారి యొద్ద వీణ నేర్చుకొంటిని. కంప్యూటరును మా పెద్దపిల్ల యొద్ద నేర్చుకొంటిని. ఈ ముగ్గురు గురువులలో మూడవ గురువే మిక్కిలి కఠినురాలు. కావున నేను వ్రాయునది శాస్త్రము గాదు. ఒక పాటను పాడుచేసి, మరల బాగుచేసికొన్న యనుభవము మాత్రమే.

మా అత్తగారికి డెబ్బదియారేండ్లు. ఆమె సంగీతపాఠశాల మెట్లెక్కినవారు కారు. తల్లి పాడగా విని నేర్చినవి కొన్ని, విజయవాడ ఆకాశవాణివారి భక్తిరంజనిని ప్రతి యుదయమును విని నేర్చినవి కొన్ని ఆమె కంఠమున నిలిచియున్నవి. వానిలో ఆనందభైరవి రాగమున నొక అప్పగింతల పాట కలదు. అది వారి పుట్టింటిది. ఏ పుస్తకమునను నాకు కనబడలేదు. మా ఆడపడుచుగారు అమెరికాలోని డాలస్ నగరమున నున్నారు. వారి పిల్లకు పెండ్లి నిశ్చయమైనది. అంత దూరము ప్రయాణము చేయుటకు అత్తగారికి ఓపిక లేదు. పాటనైనను పంపుదమని సంక్రాంతి సెలవులలో అందరము చేరినప్పుడు ఆ పనికి పూనుకొంటిమి.

పాట అత్తగారిది, వీణ నాది, వయొలిను మావారిది, మృదంగము మా మరిదిది, తంబురా ఫోనులోనిది. మైకు ఒక్కటే యగుటచేత ఒక్కొక్క భాగమును వేర్వేరుగా పట్టితిమి. తంబురా శ్రుతితోపాటు చేతితో వేసిన తాళమును మొదట పట్టి, దానిని హెడ్‌ఫోనులో వినుచు అత్తగారు పాడిరి. ఆమె పాటను వినుచు తక్కినవారము వాయించితిమి. సెలవులు ముగిసినవి. ఎవరి యూళ్లకు వారు పోయిరి. ఫిబ్రవరి మాసమున అత్తగారికి దగ్గు పట్టినది. దగ్గు తగ్గినది గాని, ఒక చరణమును ఊపిరి తిప్పుకొనక పాడు శక్తి మరల రాలేదు. ఇక కంప్యూటరులో నున్నదే పాట. మరియొక మారు పాడించుకొందమను ఆశ లేదు.

అట్టి పాటను నేను రెండు రాత్రులు కూర్చుండి కూర్చితిని. వీణ చాలదనిపించినది, పెంచితిని. అంత వయొలిను వినబడలేదు, దానిని పెంచితిని. మృదంగము అణగిపోయినది, పెంచితిని. అప్పుడు పాట వినబడలేదు. దానిని పెంచగా, కొలతసూచిక ఎఱ్ఱబారి ధ్వని పగిలినట్లు వినబడెను. పాట వెనుక పొరుగింటి మోటారు రొద లీలగా నున్నదని దానిని తీసివేయు సాధనమును మూడు మారులు నడిపితిని. అత్తగారు ఊపిరి పీల్చుకొన్న చప్పుళ్లు లోపములని తలచి ఒక్కొక్కదానిని కత్తిరించితిని. మూడవనాటి సాయంకాలము మిక్కిలి సంతోషముతో ఆమెకు వినిపించితిని. ఆమె కడవరకు విని యిట్లనిరి:

“వీణ చక్కగా నున్నదమ్మాయీ. పాడిన దెవరు?”

ఆమె ఎత్తిపొడుపునకై అన్న మాట గాదది. నిజముగనే తన గొంతును తాను గుర్తింపలేకపోయిరి. నాకు కన్నులనీరు తిరిగినది. ఆ రాత్రి మరల వినగా విషయము తేటపడినది. నేను వాయించినది నాకు వినబడుటకై అన్నింటికంటె ముందు నా వీణనే పెంచితిని. తక్కినవన్నియు దానితో పోటీపడినవి. కళాపూర్ణోదయమున నారదుడు తుంబురునిపై ఈర్ష్యతో గానము నేర్వబోయి, తుదకు జాంబవతీ సత్యభామా రుక్మిణుల యొద్ద శిష్యుడైన కథ మీకు తెలిసినదే. గానమునందు గర్వము చొచ్చినచో ఇంటిలోని స్త్రీల యెదుట కూర్చుండి మరల నేర్చుకొనవలసినదే. నాకు మా అత్తగారి మాటయే పాఠమైనది.

అదృష్టవశమున మా పెద్దపిల్ల సంక్రాంతినాడే అన్ని భాగముల నకళ్లను ఒక పెన్‌డ్రైవున దాచియుంచెను. లేనిచో ఈ శీర్షికను వ్రాయుటకు నాకు మొగ ముండెడిది కాదు. కనుక మొదటి నియమము ఇదియే: పట్టిన దానిని పట్టినట్లుగా రెండు చోటుల దాచి, నకలుపైననే పనిచేయవలెను. చీరను కత్తిరించిన పిమ్మట రవికకు చాలలేదని విచారించి ప్రయోజనము లేదు.

పూర్వము ఈ సదుపాయము ఉండెడిది కాదు. 1902లో గౌహర్‌జాన్ కలకత్తాలో గ్రామఫోను రికార్డులకు పాడినప్పుడు మైకు లేదు; పెద్ద కొమ్ముబూర యొకటి యుండెను. అందరును దానియెదుటనే పాడవలెను, వాయించవలెను. ధ్వని యెక్కువగల వాద్యమును దూరముగను, సన్నని గొంతును దగ్గరగను నిలుపుటయే ఆనాటి కూర్పు. 1925 ప్రాంతమున మైకుతో పట్టు విద్యుత్పద్ధతి వచ్చినది. 1941లో అమెరికా సంగీతజ్ఞుడు సిడ్నీ బెషే ఒక్కడే ఆరు వాద్యములను ఒకదానిపై నొకటి పట్టి యొక పాటను చేసెను. కాని ఆ విధానమున ఒకమారు కలిపినదానిని విడదీయుటకు వలనుపడదు. 1957లో ఆంపెక్సు సంస్థ లెస్ పాల్ అను గిటారు విద్వాంసునికి ఎనిమిది భాగములను వేర్వేరుగా నిలుపు టేపుయంత్రమును చేసియిచ్చెను. ఆనాడు అలమారంత యుండిన యంత్రము నేడు మన యొడిలోని కంప్యూటరున నిమిడియున్నది. 2000వ సంవత్సరమున విడుదలయైన ఆడాసిటీ అను ఉచిత సాధనమునే నేను వాడుచున్నాను. మొదట నేర్చువారికి అది చాలును.

ఇక పనిలోనికి వత్తము.

మొదట కాలమును సరిచేయవలెను. ఒక భాగమును వినుచు మరియొకదానిని పట్టునప్పుడు, ధ్వని కంప్యూటరులోనికి పోయి వచ్చుటకు కొంత జాగగును. మా యింట అది సెకనులో పదవవంతుండెను. ఇది అల్పమని తలపవలదు. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు నడచును. పదవవంతు సెకనన్నచో మృదంగము వాయించువాడు 34 మీటర్ల దూరమున, వీధి చివర కూర్చున్నట్లు లెక్క. లయ ఎట్లు నిలుచును? దీనికి సులభమైన పరీక్ష కలదు. తాళపు టకటకలను హెడ్‌ఫోనులో మ్రోగించి, ఆ హెడ్‌ఫోనునే మైకునకు ఆనించి పట్టుడు. తెరపై మొదటి టకకును, పట్టిన టకకును నడుమ ఎంత యెడమున్నదో కనబడును. తరువాత పట్టిన ప్రతి భాగమును అంత ముందునకు జరిపినచో లయ కుదురుకొనును. నేను మొదటిసారి మరిదిని అనవసరముగా నిందించితిని; దోషము అతని చేతిలో లేదు.

రెండవది మట్టము. అన్ని భాగములను పూర్తిగా తగ్గించి, పాటను మాత్రము తెరువుడు. ఏ పాటకైనను యజమాని యొక్కరే యుందురు. అప్పగింతల పాటలో యజమాని మాట. ఆ మాట సుఖముగా వినబడు మట్టమున పాటను నిలిపి, దానిని కదలింపక, తంబురాను చేర్చుడు. తంబురా ఉన్నదని తెలియక, తీసివేసినప్పుడు మాత్రము లోటు తెలియవలెను. పిమ్మట మృదంగము, ఆపైన వయొలిను, కడపట వీణ. ఎవరి వాద్యమును వారు కడపట చేర్చుకొనుట మంచిదని నా యనుభవము. ఏదైనను వినబడనప్పుడు దానిని పెంచుటకు ముందు, దానిని కప్పుచున్నదేదో దానిని తగ్గించి చూడుడు. పులుసులో ఉప్పు తెలియలేదని ఉప్పు, పులుపు తెలియలేదని చింతపండు వేయుచు పోయినచో గిన్నె నిండును గాని రుచి కుదురదు.

ఇచ్చట నొక లెక్క చెప్పవలెను. కంప్యూటరులో ధ్వనికి సున్న డెసిబెల్ అనునది పైకప్పు. దానిని మించిన ధ్వని యలల తలలు నరికినట్లగును. అదియే పగిలిన చప్పుడు. 6 డెసిబెళ్లు తగ్గించినచో అల ఎత్తు సగమగును. 12 తగ్గించినచో నాలుగవవంతగును. అందుచేత నాలుగు భాగముల శిఖరములను ఒక్కొక్కటి సున్నకు 12 క్రిందుగా నుంచినచో, నాలుగును ఒక్క క్షణమున కలిసినను కప్పును తాకునేగాని దాటవు. ఐదవది చేరినచో మరికొంత దించవలెను. కూర్చునప్పుడు మొత్తము ధ్వని సున్నకు ఆరు డెసిబెళ్లు క్రిందుగా నుండుట క్షేమము. చిన్నగా వినబడుచున్నదని విచారము వలదు. వినునపుడు పెట్టె మరను త్రిప్పుకొనవచ్చును.

మూడవది స్థాయిల పంపకము. అమరమున వాద్యములు తతము, ఆనద్ధము, సుషిరము, ఘనము అని నాలుగు తెగలుగా చెప్పబడినవి. వీణ, వయొలిను తతములు, మృదంగము ఆనద్ధము. వేర్వేరు తెగలవి సులభముగా కలిసియుండును. ఒక్క తెగవి, ఒక్క స్థాయివి ఒరసికొనును. ఆడుగొంతును, వీణయు మధ్యస్థాయిలోనే తిరుగును గనుక ఒకటి మరియొకదానిని కప్పును. దీనిని విడదీయుటకు ఈక్వలైజరు అను సాధనము కలదు. అది మంద్రమును, మధ్యమును, తారమును వేర్వేరుగా తగ్గించుటకు గాని పెంచుటకు గాని పనికివచ్చును.

మా అత్తగారి శ్రుతి నాలుగు. అనగా ఆమె ఆధారషడ్జము సెకనునకు సుమారు 175 కంపనములు. శాస్త్రజ్ఞులు హెర్ట్జ్ అందురు. ఆమె పాట మంద్రపంచమము క్రిందికి పోదు. అది 131 హెర్ట్జ్. కావున ఆమె భాగమున 90 హెర్ట్జ్‌కు క్రిందున్నదంతయు పాట గాదు. గది గురగుర, నేలపై అడుగుల చప్పుడు, మన దేశపు విద్యుత్తు 50 హెర్ట్జ్‌ల రొద మాత్రమే. దానిని తీసివేసినను కంఠమునకు కొఱత లేదు. కాని అదే కత్తెరను వీణకు పెట్టరాదు. అదే శ్రుతిలో వీణయొక్క మంద్రతంతి 87, అనుమంద్రతంతి 65 హెర్ట్జ్‌ల యొద్ద పలుకును. నేను మొదట అన్నింటికి ఒకే కత్తెర వేసి వీణ గాంభీర్యమును చంపి, అది చాలదని మట్టమును పెంచితిని! ఏ భాగము ఎంత క్రిందికి పోవునో తెలిసికొని పిమ్మటనే కత్తిరింపవలెను.

మాటలోని హల్లులు స్పష్టముగా వినబడునది 2,000 మొదలు 5,000 హెర్ట్జ్‌ల నడుమ. వీణ మీటు చప్పుడును అచ్చటనే యుండును. పాటను అచ్చట పెంచుటకు మారుగా, వీణను 3,000 ప్రాంతమున మూడు డెసిబెళ్లు తగ్గించితిని. పాట తనంతట తాను ముందునకు వచ్చినది. ఇంతకంటెను మేలైన యుపాయము మరియొకటి కలదు: పాట నడుచునప్పుడు వీణ మానుట. నేను ప్రతి పంక్తియందును వాయించియుంటిని. రెండవసారి పంక్తులనడుమ నున్న వీణను మాత్రముంచి, మాటలపైనున్న దానిలో సగమును తీసివేసితిని. ఈ యొక్క త్యాగము నాలుగు సాధనముల పనిచేసినది.

నాలుగవది దిక్కులు. రెండు చెవులకు రెండు ధ్వనిపెట్టెలుండుటచేత ఒక వాద్యమును కొంచెము ఎడమకును, మరియొకదానిని కొంచెము కుడికిని జరుపవచ్చును. ఈ రెండు దిక్కుల ధ్వనిపద్ధతికి 1931లో ఆంగ్లేయుడైన అలన్ బ్లమ్లీన్ పేటెంటు కోరెను. కచ్చేరీని మనస్సున తలచుకొనుడు: గాయని నడుమ, వయొలిను ఒక ప్రక్కను, మృదంగము మరియొక ప్రక్కను, తంబురా వెనుకను. వీణను వయొలిను దిక్కున గాక మృదంగము దిక్కున నుంచినచో రెండు తతములకు నడుమ చోటు కలుగును. కాని కడకు జరుపరాదు. ఒకే ధ్వనిపెట్టెగల ఫోనులలో దిక్కులు మాసిపోవును గనుక, మొదట అన్నింటిని నడుమనే యుంచి మట్టములు కుదుర్చుకొని, పిమ్మటనే జరుపుట మేలు.

ఐదవది ఎగుడుదిగుడులు. వృద్ధుల గొంతు ఒక మాటను గట్టిగను, మరియొక మాటను మెల్లగను పలుకును. దీనికి కంప్రెసరు అను సాధనము కలదు. మన మేర్పరచిన గీతను మించిన ధ్వనిని అది అదుపుచేయును. రెండుకొకటి చొప్పున నిర్ణయించినచో, గీతకు ఆరు డెసిబెళ్లు మించినది మూడు మాత్రమే మించును. అయితే మొదట చేతితోనే సరిచేయుట నేర్చుకొనుడు. ఎన్వలప్ అను పనిముట్టుతో మెల్లగానున్న మాటను రెండు డెసిబెళ్లు ఎత్తి, గట్టిగానున్నదానిని రెండు దించినచో, పాట సహజముగనే యుండి సమమగును. కంప్రెసరును మిక్కుటముగా నడిపినచో పాడినవారి మనస్సులోని ఎత్తుపల్లములు కూడ చదునైపోవును.

ఆరవది రొదయు, మార్మ్రోతయు. రొదను తీయు సాధనము, పాట లేని చోట నున్న రొదను మచ్చుగా తీసికొని, అట్టి ధ్వనిని పాటంతటను తగ్గించును. ఒకమారు కొలదిగా వాడినచో మేలు. మిక్కిలిగా వాడినచో గొంతు నీటిలో పలికినట్లగును. నేను చేసిన హత్య ఇదియే. రెండవమారు దానిని కొలదిగా నొక్కసారి మాత్రమే నడిపితిని. మిగిలిన మోటారు రొద తంబురా వెనుక దాగినది. విడివిడిగా పట్టిన భాగములు ఒక్క గదిలోనివిగా వినబడుటకు రివర్బు అను మార్మ్రోతను కొంచెము చేర్చవచ్చును. అన్నింటికి ఒకే మార్మ్రోతను వాడవలెను. మృదంగమునకు మిక్కిలి తక్కువ. అది తాలింపు వంటిది. ఇంగువ వేసినట్లు తెలియవలెను గాని ఇంగువయే తినుచున్నట్లుండరాదు.

చెవిని గూర్చి రెండు మాటలు. 1933లో అమెరికాలోని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు మెల్లని ధ్వనిలో మన చెవికి మంద్రస్వరములు తక్కువగా వినబడునని కొలిచి చూపిరి. కావున గట్టిగా వినుచు కూర్చినది, మెల్లగా వినినప్పుడు మారిపోవును. మాటాడుకొను మట్టమున వినుచు కూర్చుట చెవికిని, ఇంటిలో నిద్రించువారికిని క్షేమము. గంటసేపు పనిచేసిన పిమ్మట చెవి అలసి, తారస్వరములను ఇంకను ఇంకను పెంచుమనును. అప్పుడు లేచి, మరునాటి యుదయము వినుడు. హెడ్‌ఫోనులోను, ఫోనులోను, ఎవరిదైనను కారులోను వినుడు. వంటయింటిలో ఫోనును మ్రోగించి ప్రక్క గదిలో నిలుచుండి వినుట నాకు మిక్కిలి యుపకరించినది. తలుపు వెలుపల నుండియు మాట తెలియుచున్నచో పాట తన చోట నున్నట్లే. బాగుగా కూర్చిన మరియొక పాటతో పోల్చునప్పుడు రెండింటి మట్టములను సమము చేసికొనుడు. లేనిచో గట్టిగా నున్నదే మేలైనదని చెవి మోసపోవును.

ఇంత చేసి మా పాటను మరల కూర్చుటకు పండ్రెండు రోజులు పట్టినది. రోజునకు గంటకంటె ఎక్కువ కూర్చుండలేదు. అన్నింటికంటె ఎక్కువ ఆలోచించినది కడపటి చరణమునకు ముందున్న ఊపిరిని గూర్చి. అచ్చట అత్తగారు దీర్ఘముగా ఊపిరి పీల్చుకొందురు. తరువాతి మాట కొంచెము వణకును. మొదటి కూర్పున ఆ ఊపిరిని తీసివేసితిని. వణకును కప్పుటకై వీణను పెంచితిని. ఈమారు ఊపిరిని ఉన్నది ఉన్నట్లే యుంచి, అచ్చట వీణను పూర్తిగా మాన్పితిని. ఆడపిల్లను పంపు పాటలో ఆ చోట గొంతు వణకుట లోపము గాదని ఇన్ని యేండ్లు ఆ యింట కోడలినై యుండియు నేను తెలిసికొనలేదు. ఆమె తన కూతురిని పంపిననాడు పాడిన పాట యిదియేనట.

ముగింపు పని చెప్పెదను. పూర్తియైనదానిని సెకనునకు 44,100 మచ్చుల చొప్పున వేవ్ అను రూపమున దాచవలెను. ఆరు నిమిషముల పాటకు సుమారు 60 మెగాబైట్లగును. పంపుటకు మాత్రము ఎంపీత్రీ రూపమున, 192 కిలోబిట్ల చొప్పున చేసినచో 9 మెగాబైట్లకు లోబడును. ఎంపీత్రీలో కొంత ధ్వని పోవును గనుక దానిని మూలముగా దాచుకొనరాదు. పాడినవారి పేరు, ఊరు, పట్టిన తేదీ, ఎవరి యొద్ద నేర్చినదియు ఫైలుతోపాటు వ్రాసియుంచుడు. యాబది యేండ్లకు పాట మిగిలి, పాడినవారి పేరు మిగులకపోవుట అన్యాయము.

రెండవ కూర్పును వినిపించిననాడు అత్తగారు మంచముపై కూర్చుండి, వీణను గూర్చి యొక్క మాటయు ననలేదు. చేతితో తొడపై తాళము వేయుచు, కడపటి చరణమునకు ముందు కంప్యూటరులోని ఊపిరితోపాటు తామును ఊపిరి తీసికొనిరి. పాట ముగిసిన పిమ్మట, “మూడవ చరణములో ఒక మాట తప్పు పాడినాను, అమ్మాయీ. దానిని దిద్దుటకు వీలున్నదా?” అని యడిగిరి. లేదని చెప్పితిని. “పోనిమ్ము. దానికి చెప్పుము, తప్పుతోనే నేర్చుకొనవద్దని” అనిరి. సరియైన మాటను వ్రాసి, పాటతోపాటు మనుమరాలికి పంపితిమి.

సందేహము వ్రాసిన సోదరికి నా విన్నపము: మీ నాలుగు భాగములను మరల తెరిచి, అన్నింటిని దించి, మొదట పాటను మాత్రము వినుడు. తరువాత ఒక్కొక్కదానిని పిలువుడు. ఎవరు ఎంతవరకు రావలెనో పాటయే చెప్పును.

వచ్చు మాసమున, అమ్మమ్మల చేతివ్రాత పాటల పుస్తకములను చెదపురుగు నుండియు, తేమ నుండియు కాపాడుకొను విధమును గూర్చి వ్రాసెదను.